తుపాకిమందు నుంచి కారు రంగు దాకా

పాత అంబాసిడర్‌కో, ప్రీమియర్ పద్మినికో మళ్లీ రంగు వేయించాలనుకునేవాళ్లు షేడ్ కార్డు తెరిచే ముందే ఒక చిన్న పరీక్ష చేయాలి. డిక్కీ లోపల, పైకి కనపడని చోట, ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌లో ముంచిన తెల్లగుడ్డతో కాసేపు రుద్దాలి. రంగు కరిగి గుడ్డకు అంటితే అది నైట్రోసెల్యులోజ్ లాకర్. ముడతలు పడి లేస్తే గాలికి ఆరిన ఎనామిల్. చలించకపోతే హార్డెనర్ కలిపి వేసే టూ-కే రంగు, లేదా ఫ్యాక్టరీలో వేడికి కాల్చిన రంగు. తక్కువ ఖర్చులో మన్నికైన పని జరగాలంటే వీటి పుట్టుక, నడత తెలిసుండాలి.

తొలినాళ్ల కార్లకు గుర్రబ్బండ్ల వార్నిషే వేసేవారు. అవిసె నూనె కలిసిన ఆ పూతలు పొర తర్వాత పొర ఆరడానికి వారాలు పట్టేవి. తారు జాతి పదార్థంతో చేసిన నల్ల రంగును వేడికి కాలిస్తే త్వరగా గట్టిపడేది, చవక కూడా. ఫోర్డ్ మోడల్ టి 1914 నుంచి 1925 దాకా నలుపులోనే వచ్చింది.

నలుపు తప్ప మిగతా రంగులు త్వరగా ఆరని ఆ చిక్కు విప్పింది తుపాకిమందు రసాయనం. పత్తిని నత్రికామ్లంతో చర్య జరిపి నైట్రోసెల్యులోజ్ చేసే పద్ధతిని 1846లో రసాయన శాస్త్రవేత్త షాన్‌బైన్ కనిపెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా కంపెనీ డ్యూపాంట్ దాన్ని గుట్టలుగా తయారుచేసింది. రంగుగా వాడదామంటే దాని పొడవాటి అణువుల వల్ల ద్రావణం జిగురులా చిక్కబడేది, పల్చన చేస్తే పూత మిగిలేది కాదు. అణువుల గొలుసులను పొట్టిగా చేసే మార్గం దొరికాక స్ప్రే గన్‌తో కొట్టగలిగే రంగు తయారైంది. 1923లో జనరల్ మోటార్స్ తన ఓక్లాండ్ కార్లకు ‘ట్రూ బ్లూ’ పేరుతో ఆ లాకర్‌నే వేసింది. డ్యూపాంట్ పెట్టిన పేరు డ్యూకో.

ఉప్పునీళ్లు ఆవిరైతే ఉప్పు మిగిలినట్టు, థిన్నర్ ఎగిరిపోతే లాకర్ పొర మిగులుతుంది. కొత్త బంధాలేవీ ఏర్పడవు. థిన్నర్ తగిలితే మళ్లీ కరిగేది అందుకే. దీనివల్ల ఓ మేలుంది: గీత పడినచోట మాత్రమే కొట్టి, రుద్ది, పాలిష్ పెడితే అతుకు కనపడదు. నష్టమూ ఉంది: డబ్బా చవకే అయినా కొట్టే ద్రవంలో ఎక్కువ భాగం థిన్నరే కాబట్టి కోటింగులు, రబ్బింగ్ కూలీ పెరుగుతాయి. థిన్నర్ ఎగిరేటప్పుడు రేకు చల్లబడి గాలిలోని తేమ పూత మీద చేరుతుంది. విశాఖ, కాకినాడల్లో వానాకాలం కొట్టిన లాకర్ తెల్లబారే ప్రమాదం ఎక్కువ.

1920ల చివర్లో నూనె కలిసిన ఆల్కిడ్ ఎనామిల్ వచ్చింది. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడే రంగిది. మెరుపు బాగుంటుంది, ధరా తక్కువే. ఆరడం మాత్రం నిదానం, అందాకా దుమ్ము పడుతుంది. పాత ఎనామిల్ మీద ఎన్.సి. లాకర్ కొడితే థిన్నర్ కింది పొరను లేపి ముడతలు తెప్పిస్తుంది.

1937లో జర్మనీలోని లెవర్‌కూసెన్‌లో ఒట్టో బేయర్ పాలీయురెథేన్ రసాయనానికి పునాది వేశాడు. నేటి టూ-కే రంగు అక్కణ్ణుంచే వచ్చింది. రంగులోని రెసిన్, హార్డెనర్‌లోని ఐసోసయనేట్ కలిస్తే అణువులు వలలా అల్లుకుంటాయి. అది ఇక థిన్నర్‌కు కరగదు, పెట్రోలు చుక్కకూ ఎండకూ తట్టుకుంటుంది. కలిపిన రంగు కొద్ది గంటల్లో వాడేయాలి. ఐసోసయనేట్ ఊపిరితిత్తులకు ప్రమాదకరం, ఉబ్బసం తెప్పిస్తుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలదు. బయటి మంచి గాలి అందించే మాస్కు, గాలాడే బూత్ ఉన్న షెడ్డులోనే ఈ పని చేయించాలి. పెయింటర్ ఆరోగ్యాన్ని పణంగా పెట్టి మిగిల్చుకునే డబ్బు పొదుపు కాదు.

మరి ఏది ఎంచుకోవాలి? అసలు లాకర్ నిలిచి ఉండి, కొద్దిచోట్లే దెబ్బతింటే లాకర్‌తోనే సరిచేయించడం చవక, కారు చరిత్రా మిగులుతుంది. మొత్తం బండికి కొట్టాలంటే మెటాలిక్ కాని సాదా టూ-కే రంగు మేలు. రెండు మూడు కోటింగులతో పనవుతుంది, పైన క్లియర్ కోట్ అక్కర్లేదు. ఆ కాలపు కార్లలో ఎక్కువ శాతం సాదా రంగులే కాబట్టి చూపుకీ నప్పుతుంది. టైటానియం డయాక్సైడ్ వల్ల తెలుపు కింది పొరను బాగా కప్పుతుంది. కొన్ని ఎరుపులకు కోటింగులు ఎక్కువ పడతాయి, ఖర్చూ పెరుగుతుంది. ప్రైమర్, రంగు, హార్డెనర్, థిన్నర్ ఒకే కంపెనీవి తీసుకోవాలి.

పాత పసుపు, ఎరుపు రంగుల్లో సీసం ఉండొచ్చు, పొడిగా గీకి ఆ దుమ్ము పీల్చకూడదు, తడిపి రుద్దాలి. అయితే పుట్టీ నీళ్లు పీల్చుకుంటుంది. దాన్ని తడిపి రుద్దితే ఆ తేమ రేకుకు చేరి, తర్వాత పొక్కులు లేవొచ్చు. పుట్టీని పొడిగానే, మాస్కు పెట్టుకుని రుద్దాలి. ఖర్చు తగ్గించాలనుకుంటే మెటాలిక్ మానుకోండి, క్లియర్ కోట్ మానుకోండి. తుప్పు పూర్తిగా గీకించే కూలీనీ, రేకు మీద వేసే ఎపాక్సీ ప్రైమర్‌నీ మాత్రం తగ్గించకండి.