ఓటు పట్నానిది.. అడుగు పల్లెది

తెనాలి: కోడి కూసే వేళకే పల్లె పట్నానికి కదులుతుంది. నిమ్మకాయల బస్తాలు వేసుకున్న ఆటోలు, ఆకుకూరల గంపలతో ఆడవాళ్లు, పాల క్యాన్లు కట్టుకున్న మోపెడ్లు ఒకదాని వెనుక ఒకటి తెనాలి బాట పడతాయి. పొద్దెక్కేకొద్దీ ఆసుపత్రికి వచ్చేవారు, కోర్టు వాయిదాకు వచ్చేవారు, పెళ్లి బట్టలకు వచ్చేవారు, సబ్ కలెక్టరు కార్యాలయంలో పని పడినవారు తోడవుతారు. పది గంటలయ్యేసరికి బోస్ రోడ్డులో పట్నవాసి ఎవరో, పల్లెవాసి ఎవరో పోల్చుకోలేం. అందరూ వెతికేది ఒక్కటే. బండి పెట్టడానికింత చోటు, కాలు మోపడానికింత బాట.

2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణంలో సుమారు 1.65 లక్షల మంది ఉన్నారు. కాని పట్టణ వీధులు మోసేది ఆ 1.65 లక్షల మందినే కాదు. చుట్టూ ఉన్న మండలాల జనాన్ని కూడా అవే మోస్తాయి.

అయితే ఒక తేడా ఉంది. వీధి పాడైతే పట్నవాసి తన వార్డు కౌన్సిలరును నిలదీయగలడు. పల్లెవాసి ఓటు పంచాయతీలో ఉంది. ఏ రోడ్డు వన్ వే చేయాలి, బస్సు ఎక్కడ ఆగాలి, ఏ వీధిలో బండి పెట్టకూడదు అన్న నిర్ణయాలు అతన్ని అడగకుండానే జరిగిపోతాయి. జరిమానా మాత్రం అతనికీ పడుతుంది.

ఈ నిర్ణయాలు ఎవరు చేస్తారు? ఏ చట్టం కింద చేస్తారు? వాటిలో పల్లెవాసి మాటకు చోటు ఉందా? తెలుసుకుంటే చోటు ఉన్నదనే తేలుతుంది. తెలియక వదులుకుంటున్నదే ఎక్కువ.

వీధి ఒకటి.. యజమానులు అరడజను

తెనాలి మూడు కాలువల ఊరు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకు నీళ్లు వచ్చాయి, ఊరి మధ్యకు కాలువలూ వచ్చాయి. తరువాత రైలు వచ్చింది. విజయవాడ - గూడూరు మార్గంలో ఉన్న ఈ జంక్షను నుంచి గుంటూరుకు ఒక దారి, రేపల్లెకు ఒక దారి చీలతాయి. కాలువలూ, పట్టాలూ ఊరిని ముక్కలు చేశాయి. ఒక ముక్క నుంచి మరో ముక్కకు పోవాలంటే వంతెనో, గేటో దాటాలి. జనమంతా ఆ నాలుగైదు చోట్లకే వచ్చి పడతారు.

ఇక యజమానుల సంగతి. లోపలి వీధులు మునిసిపాలిటీవి. ఇటువంటి పట్టణాల్లో పై ఊళ్లకు పోయే పెద్ద రోడ్లు సాధారణంగా రోడ్లు భవనాల శాఖ చేతిలో ఉంటాయి. కాలువ గట్టు నీటి పారుదల శాఖది. రైలు గేటు, దాని కింది నేల రైల్వేది. కరెంటు స్తంభం విద్యుత్ పంపిణీ సంస్థది. బస్టాండు ఆర్టీసీది. కూడలిలో చెయ్యి ఊపేది పోలీసు.

అందుకే రోడ్డు వెడల్పు చేసిన చోట కూడా స్తంభం మధ్యలో నిలబడిపోతుంది. రోడ్డు ఒక శాఖ వేస్తుంది, స్తంభం మరో శాఖ జరపాలి. జరపడానికయ్యే డబ్బు ఎవరు కట్టాలో తేలేదాకా లారీ దాన్ని చుట్టి పోవాల్సిందే. గతుకు గురించి అడగబోయిన మనిషిని "అది మాది కాదు" అని తిప్పి పంపడం కూడా ఇందువల్లే సులువవుతోంది. కాబట్టి అర్జీ రాసే ముందు తెలుసుకోవలసిన మొదటి సంగతి, ఆ రోడ్డు ఎవరిది అన్నదే.

గతుకు పూడాలంటే

1992లో జరిగిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణాలకు 18 అంశాలను అప్పగించవచ్చునని 12వ షెడ్యూలులో చేర్చింది. రోడ్లు, వంతెనలు అందులో ఒకటి. వీధి దీపాలు, పార్కింగ్ స్థలాలు, బస్ స్టాపులు, మరుగుదొడ్లు వంటి సౌకర్యాలు మరొకటి. అంటే బండి పెట్టే చోటు చూపించడం మునిసిపాలిటీ దయ కాదు, దాని పనుల్లో ఒక పని.

మునిసిపాలిటీలో పని ఇలా నడుస్తుంది. కౌన్సిలరు గాని, ఇంజనీరింగు విభాగం గాని పని ప్రతిపాదిస్తుంది. అసిస్టెంటు ఇంజనీరు ప్రభుత్వ రేట్ల పట్టిక ప్రకారం అంచనా వేస్తాడు. మొత్తాన్ని బట్టి పై ఇంజనీరు సాంకేతిక మంజూరు ఇస్తాడు. పరిపాలనా మంజూరు కౌన్సిల్ తీర్మానంతో వస్తుంది. తరువాత టెండరు, ఒప్పందం, పని. జరిగిన పనిని కొలిచి కొలతల పుస్తకంలో రాస్తారు. దాన్నే అందరూ ఎం బుక్కు అంటారు. పై అధికారి ఆ కొలతలను సరిచూశాకే బిల్లు కదలాలి.

బిల్లు చెల్లించినంత మాత్రాన కాంట్రాక్టరు బాధ్యత తీరిపోదు. ఒప్పందంలో రాసిన గడువులోగా రోడ్డు చెడితే సొంత ఖర్చుతో బాగుచేయాలి. ఈ గడువు ఎంతో తెలియక, నిన్న వేసిన రోడ్డు నేడు లేచిపోయినా జనం నిట్టూర్చి ఊరుకుంటున్నారు.

కౌన్సిల్ పదవీకాలం ముగిసి ఎన్నికలు జరగకపోతే ఆ అధికారాలు ప్రత్యేకాధికారి చేతికి పోతాయి. రాష్ట్రంలో 2019 జూలైలో చాలా కౌన్సిళ్ల గడువు తీరింది. తిరిగి ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. ఆ మధ్యకాలంలో వీధి బాగోగులు అడగడానికి పట్నవాసికీ కౌన్సిలరు లేడు. పల్లెవాసికి మామూలుగా ఉండే అవస్థ అప్పుడు పట్నవాసికి కూడా తెలిసివచ్చింది.

బండి ఎక్కడ పెట్టాలి?

బండి ఎక్కడ నిలపాలో, ఎంతసేపు నిలపాలో నిర్ణయించడానికి 1988 మోటారు వాహనాల చట్టంలో 117వ సెక్షన్ ఉంది. రాష్ట్ర ప్రభుత్వం గాని, అది అధికారమిచ్చిన అధికారి గాని స్థానిక సంస్థను సంప్రదించి ఆ చోట్లను నిర్ణయించాలి. బస్సులు, ఆటోల వంటి ప్రయాణికుల బండ్లు ఎక్కువసేపు ఆగే స్టాండ్లు కూడా ఈ సెక్షన్ కిందికే వస్తాయి. అంటే పోలీసు ఒక్కడే గీత గీస్తే చాలదు, మునిసిపాలిటీ ఒక్కటే బోర్డు పెడితే చాలదు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

ఏదైనా వీధిలోకి లారీలను గాని, మరో రకం బండ్లను గాని రానివ్వకూడదనుకుంటే 115వ సెక్షన్ ఉంది. అది గెజెట్‌లో ప్రకటించాలి. నెల రోజులకు మించని ఆంక్షలకు గెజెట్ అక్కర లేదు గాని, స్థానికంగా జనానికి తెలిసేలా ప్రచారం చేయాలి. పండుగలకు, ఉత్సవాలకు దారి మళ్లించేటప్పుడు ఈ ప్రచారం పట్నంలో మైకుతో ఆగిపోకూడదు. మళ్లింపు తెలియక ఊరి చివర నుంచి తిరిగి తిరిగి వచ్చేది పల్లె ఆటోయే. అందులో పురిటి నొప్పులు పడుతున్న మనిషి ఉంటే ఆ ఆలస్యం ప్రాణాల మీదికి వస్తుంది.

పార్కింగ్ నిషేధించిన చోట ఉన్న బండిని యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారి తరలింపజేయవచ్చునని 127వ సెక్షన్ చెబుతుంది. తరలింపు ఖర్చు బండి యజమానిదే. అయితే నిషేధం ఉన్నట్టు కనబడే బోర్డు లేకపోతే పై ఊరి మనిషికి ఎలా తెలుస్తుంది? నిషేధం రాసిన బోర్డు పక్కనే, బండి ఎక్కడ పెట్టాలో చెప్పే బోర్డు కూడా ఉంటే సగం గొడవలు ఉండవు.

అసలు బండ్లన్నీ రోడ్డు మీదికి ఎందుకు వస్తున్నాయన్నది మరో ప్రశ్న. 2017 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం దుకాణ సముదాయాలు, ఆసుపత్రులు, కల్యాణ మండపాలు తమ ఆవరణలోనే బండ్లకు చోటు వదలాలి. ప్లానులో సెల్లారు బండ్ల కోసమే చూపిస్తారు. మేడ లేచాక అది గోదామో, దుకాణమో అయిపోవడం ఏ పట్టణంలో చూసినా కనబడే సంగతి. సెల్లారు అద్దె యజమానికి, ఆ బండ్ల బరువు వీధికి. వీధిలో బండి పెట్టిన రైతుకు జరిమానా వేసే ముందు ఆ సెల్లారు తలుపు తీయించడం న్యాయం.

గంప ఎక్కడ దించాలి?

వీధి ఇరుకు గురించి మాట వచ్చినప్పుడల్లా వేలు మొదట చూపేది గంప పెట్టుకున్న మనిషి వైపే. ఆ గంపల్లో చాలా భాగం పల్లెవే. 2014 వీధి విక్రయదారుల చట్టం వచ్చాక వీరిని ఇష్టం వచ్చినట్టు లేపడానికి వీల్లేదు. మునిసిపల్ కమిషనరు అధ్యక్షతన పట్టణ విక్రయ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే, వారు ఎన్నుకున్నవారే ఉండాలి. వారిలో మూడో వంతు స్త్రీలు కావాలి. ఐదేళ్లకొకసారి సర్వే జరగాలి. ఆ సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించరాదు. తరువాత చోటు మార్చాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి.

ఇక్కడే పల్లె ఆడవాళ్లు నష్టపోయే ప్రమాదం ఉంది. తెల్లవారుజామున వచ్చి, గంప అమ్ముడుపోగానే మొదటి బస్సుకు వెళ్లిపోయే మనిషి మధ్యాహ్నం జరిగే సర్వేలో కనబడదు. పేరు లేకపోతే ధ్రువపత్రం లేదు. ధ్రువపత్రం లేకపోతే నోటీసు అడిగే హక్కు బలహీనపడుతుంది. రెండు సర్వేల మధ్య కొత్తగా వచ్చినవారు కూడా ధ్రువపత్రం కోరవచ్చునని చట్టంలో ఉంది. సర్వే ఎప్పుడు జరుగుతుందో గ్రామ సచివాలయాల ద్వారా ముందే చెబితే ఈ ఇబ్బంది తప్పుతుంది.

ఆశీలు కట్టేవారు రసీదు అడగడం కూడా మరచిపోరాదు. వసూలు హక్కు వేలం పాటలో పాడుకున్నవారు నిర్ణయించిన రేటు మాత్రమే తీసుకోవాలి. ఆ రేటు బోర్డు మీద రాసి ఉంటే వాదులాట ఉండదు.

రత్లాం చెప్పిన పాఠం

"డబ్బు లేదు" అన్నది పట్టణాలు చెప్పే పాత జవాబు. ఆ జవాబు చెల్లదని సుప్రీం కోర్టు 1980లోనే తేల్చింది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో ఒక వార్డు ప్రజలు, వీధిలో మురుగు పారుతున్నా మునిసిపాలిటీ కాలువలు కట్టడం లేదని సబ్ డివిజనల్ మేజిస్ట్రేటును ఆశ్రయించారు. ఆయన పని చేయాలని ఆదేశించారు. తమ దగ్గర నిధులు లేవని వాదిస్తూ మునిసిపాలిటీ సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యరు, తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ఆ కేసు విన్నారు. ప్రజారోగ్యం కాపాడే బాధ్యత నుంచి నిధుల కొరత పేరుతో మునిసిపాలిటీ తప్పించుకోలేదని తీర్పు వచ్చింది.

ఆ ప్రజలు ఆశ్రయించింది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్‌ను. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో అదే 152వ సెక్షన్‌గా ఉంది. దారికి అడ్డు, జనానికి బాధ కలిగించేది ఏదైనా తొలగించాలని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. అర్జీ పెట్టే మనిషికి ఆ పట్టణంలో ఓటు ఉండాలన్న నియమం లేదు. ఆ దారిన నడిచే మనిషైతే చాలు.

పల్లె మాట ఎక్కడ చెప్పాలి?

కౌన్సిల్‌లో పల్లెకు అసలు గొంతే లేదనుకోవడం కూడా పొరపాటు. మునిసిపల్ చట్టం ప్రకారం ఆ ప్రాంత శాసనసభ్యుడు కౌన్సిల్‌లో పదవి రీత్యా సభ్యుడు. తెనాలి శాసనసభ నియోజకవర్గంలో పట్టణంతో పాటు తెనాలి, కొల్లిపర మండలాల పల్లెలు ఉన్నాయి. అంటే ఆ కౌన్సిల్‌లో కూర్చునే ఒక సభ్యుణ్ని పల్లె ఓటు కూడా పంపుతోంది. రోడ్డు సంగతి ఆయన చేత అక్కడ అడిగించవచ్చు.

ప్రమాదాలు జరిగే మలుపులు, గేట్లు, దీపాలు లేని వంతెనల గురించి జిల్లా రహదారి భద్రతా కమిటీకి రాయవచ్చు. దానికి కలెక్టరు అధ్యక్షులు. పోలీసు, రవాణా, రోడ్లు భవనాల శాఖలవారు ఒకే గదిలో కూర్చుంటారు కాబట్టి "మాది కాదు" అనడం అక్కడ కష్టం. రోడ్డు నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించనందువల్ల మనిషి చనిపోయినా, అంగవైకల్యం కలిగినా బాధ్యులైన అధికార సంస్థకు, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల దాకా జరిమానా విధించవచ్చునని 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 198ఎ సెక్షన్ చెబుతోంది.

అంచనా ఎంత, గడువు ఎంత, కొలతలు ఏమిటి అన్నది 2005 సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో ఎవరైనా అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పనిని స్వయంగా చూడటానికి, వాడిన సరుకు నమూనా తీసుకోవడానికి కూడా ఆ చట్టం హక్కు ఇచ్చింది. ఒక్కడు రాసిన అర్జీ కన్నా పంచాయతీ తీర్మానం చేసి పంపిన కాగితానికి బరువు ఎక్కువ. పది పంచాయతీలు ఒకే బస్ స్టాపు గురించి తీర్మానం చేస్తే అది పక్కన పడేసే కాగితం కాదు.

తెనాలిలో రణరంగ చౌక్ ఉంది. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమంలో పోలీసు కాల్పులకు ఏడుగురు నేలకొరిగిన చోటది. పట్నం వీధి పట్నవాసుల సొంతం మాత్రమే కాదనీ, అది నడిచేవారందరిదీ అనీ చెప్పడానికి ఇంతకన్నా మంచి గుర్తు అక్కరలేదు.

వన్ వే బోర్డు కట్టే ముందు, బస్ స్టాపు మార్చే ముందు, స్టాండు ఎత్తేసే ముందు చుట్టుపక్కల పంచాయతీలకు ఒక కాగితం పంపి వారంపాటు వారి మాట వింటే మునిసిపాలిటీకి పోయేదేమీ లేదు. ఆ కాగితం రాకపోతే పల్లెలే ముందుగా రాయాలి. గంప మోసే తల్లికి, రోగిని తెచ్చే ఆటోకు ఎక్కడ ఆగాలో చెప్పగలిగినప్పుడే అది పది ఊళ్లకు పట్నమనిపించుకుంటుంది.