నంబర్లే పేర్లయిన సాక్షులు

యుద్ధాలు మగవాళ్ళు చేస్తారు, సంధులు నాయకులు కుదురుస్తారు. మరి మధ్యలో ఆడవాళ్ళకి జరిగినదానికి జవాబుదారీ ఎవరు? రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక జర్మన్ నాయకుల్ని విచారించిన నూరెంబర్గ్ కోర్టు నిబంధనావళిలో అత్యాచారం అనే మాటే లేదంటే నమ్ముతారా!

ఆ మాట యూరప్‌లో గట్టిగా వినపడ్డానికి మరో యుద్ధం రావాల్సి వచ్చింది. బోస్నియాలో ద్రినా నది ఒడ్డున ఫోచా అనే ఊరుంది. 1992 ఏప్రిల్‌లో సెర్బు సేనలు దాన్ని పట్టుకున్నాయి. ముస్లిం మగవాళ్ళని జైల్లో పెట్టి, ఆడవాళ్ళనీ పిల్లల్నీ హైస్కూల్లో, ఆటల హాల్లో కుక్కారు. సైనికులు వచ్చి తమకి కావలసినవాళ్ళని ఏరుకుని తీసుకుపోయేవారు. కొందరినైతే నెలల తరబడి ఇళ్ళల్లోనే ఉంచుకున్నారు. పగలు వంట చెయ్యాలి, బట్టలుతకాలి, ఇల్లు ఊడవాలి. రాత్రి సంగతి చెప్పక్కర్లేదు. ఇద్దరమ్మాయిల్ని తలా 500 జర్మన్ మార్కులకి అమ్మేశారు. పన్నెండేళ్ళ పిల్లనైతే 200కే. ఆ పిల్ల మళ్ళీ కనబడలేదు.

1993లో ఐక్యరాజ్యసమితి హేగ్ నగరంలో ప్రత్యేక న్యాయస్థానం పెట్టింది. ఫోచా కేసు 2000 మార్చిలో విచారణకొచ్చింది. బాధితులు బోనెక్కారు. పేర్లు బయటపడకుండా వాళ్ళకి నంబర్లిచ్చారు: 50వ సాక్షి, 75వ సాక్షి, 87వ సాక్షి...

ముద్దాయిల్లో ఒకడైన కునారాట్స్, ఒకమ్మాయి తనంతట తానే దగ్గరికొచ్చిందన్నాడు. ఎంత తేలిగ్గా అనేశాడో చూడండి! కమాండర్‌ని సంతోషపెట్టకపోతే చంపేస్తానని అంతకుముందే ఇంకో సైనికుడు ఆమెని బెదిరించాడని కోర్టు తేల్చింది. పారిపోవచ్చుగా అనే వాదనకీ జవాబు దొరికింది. తలుపు తెరిచి ఉన్నా ఎక్కడికి పోతారు, చుట్టూ వాళ్ళే కదా అన్నారు జడ్జీలు.

2001 ఫిబ్రవరి 22న తీర్పు వచ్చింది. జాంబియాకి చెందిన ఫ్లోరెన్స్ ముంబా అనే మహిళ ముఖ్య న్యాయమూర్తి. ముగ్గురికి 28, 20, 12 ఏళ్ళ శిక్షలు పడ్డాయి. ఆ పన్నెండేళ్ళు నాకైతే తక్కువే అనిపిస్తాయి. అత్యాచారాన్ని మానవాళిపై నేరంగా, ఆడవాళ్ళని అలా ఇళ్ళల్లో ఉంచుకోవడాన్ని బానిసత్వంగా తీర్పులో రాశారు.

వాళ్ళు అప్పీలుకెళ్ళారు. ఆమె చివరిదాకా ప్రతిఘటించి ఉంటేనే అది అత్యాచారం అవుతుందని వాదించారు. 2002 జూన్‌లో ఆ వాదనని కొట్టేస్తూ, అది చట్టరీత్యా తప్పు, వాస్తవాలు చూస్తే అర్థంలేనిది అని అప్పీలు కోర్టు తేల్చేసింది. శిక్షలు ఒక్క ఏడాదైనా తగ్గలేదు.