ఉన్ని లేని గొర్రెల సీమలో ఊలు అల్లిక

నెల్లూరు జిల్లా పడమటి మెట్ట ప్రాంతమైన ఉదయగిరి, ఆత్మకూరు పరిసరాల్లో గొర్రెల మంద కనిపించని దారి అరుదు. దేశంలోని గొర్రె జాతుల్లో ఎత్తుకు పేరు పొందిన నెల్లూరు జాతి ఇక్కడిదే. తెల్లగా గానీ, తల మెడల మీద లేత గోధుమ మచ్చలతో గానీ ఉండేది పల్ల. తెల్లని ఒంటి మీద పెదవుల చుట్టూ, కళ్ల చుట్టూ నల్ల మచ్చలుండేది జోడిపి. మూడో రకం ఒళ్లంతా గోధుమ రంగుది. అయితే ఈ మూడింటిలో దేనికీ కత్తిరించి వడకదగినంత ఉన్ని ఉండదు. ఒంటిని అంటిపెట్టుకున్న పొట్టి వెంట్రుకలు, రొమ్ము దగ్గరా మూపు మీదా అక్కడక్కడా కాస్త పొడుగు వెంట్రుకలు తప్ప మరేమీ లేని ఈ జాతిని మాంసం కోసమే పెంచుతారు. ఎండలు నలభై డిగ్రీలు దాటే మెట్టలో కోసుల కొద్దీ నడిచి మేసే జీవానికి దట్టమైన ఉన్ని భారమే అవుతుంది కనుక, ఈ లేమిని ఆ జాతికి అమరిన గుణంగానే చూడాలి. ఫలితంగా, వెలిగొండల కింది ఈ ఊళ్లలో సరదాగా సూదులు చేతపట్టి అల్లుకునే వారి సంచిలోకి స్థానికమైన ఉన్ని ఎన్నడూ చేరదు. అందులో ఉండే ప్రతి ఉండా బయటి నుంచి వచ్చినదే. ఏ దారం ఎక్కడిది, ఈ ఎండలకు ఏది తగినది అనే విచారణ ఇక్కడి అల్లికలో మొదటి మెట్టు.

చేనేతను ఎరిగిన జిల్లా గనుక, నేతకూ అల్లికకూ ఉన్న తేడాను ముందుగా చెప్పుకోవడం మంచిది. పాటూరు చీర అయినా వెంకటగిరి చీర అయినా నిలువుగా సాగే పడుగు, అడ్డంగా సాగే పేక అనే రెండు వరుసల నూలు ఒకదానినొకటి దాటుకుంటూ పోవడం వల్ల ఏర్పడుతుంది. మగ్గం లేనిదే అది సాధ్యం కాదు. అల్లికలో పడుగూ లేదు, పేకా లేదు. ఒకే దారాన్ని చిన్న చిన్న మెలికలుగా తీసి, ఒక మెలికలో నుంచి మరొకదాన్ని లాగుతూ పోతే బట్ట తయారవుతుంది. రెండు పొడవాటి సూదులతో, వరుసలోని మెలికలన్నిటినీ సూది మీదే నిలిపి ఉంచుతూ చేసేది నిట్టింగ్. కొన కొక్కెంలా వంగిన ఒకే సూదితో, ఏ మెలికకు ఆ మెలికను ముగించుకుంటూ చేసేది క్రోషే. మెలికలు సాగి మళ్లీ ముడుచుకోగలవు కాబట్టే నిట్టింగ్ బట్ట ఒంటికి అతుక్కుని ఉంటుంది. బనియను, మేజోళ్లు, స్వెట్టరు అన్నీ ఈ కుటుంబానివే. దారమంతా ఒకటే కావడం వల్ల, పాతబడిన స్వెట్టరును కొస పట్టుకుని పూర్తిగా విప్పి, చిలపగా చుట్టి, తడిపి బరువు కట్టి ఆరబెడితే వంకరలు పోయి మళ్లీ అల్లడానికి పనికివస్తుంది. నేసిన బట్టకు లేని ఈ సౌలభ్యం పొదుపరులైన గృహిణులకు అల్లికను దగ్గర చేసింది.

అల్లేవారు పోగుచేసుకునే దారాల మూటలో, తెలుగునాట ఊలు పేరుతో అమ్ముడయ్యే రంగురంగుల ఉండలదే పెద్ద వాటా. వాటిలో ఎక్కువ భాగం గొర్రె నుంచి వచ్చినవి కావు, పెట్రోలియం ఉత్పత్తుల నుంచి తీసిన అక్రిలిక్ పోగులు. 1950లో అమెరికాకు చెందిన డ్యూపాంట్ సంస్థ ఆర్లాన్ అనే పేరుతో వీటిని వ్యాపార స్థాయిలో తయారుచేయడం మొదలుపెట్టింది. మన దేశంలో చేతి అల్లికకు వచ్చే ఊలుకు పంజాబులోని లూధియానా ప్రధాన కేంద్రం. అక్రిలిక్ చవక, రంగు గట్టిది, ఉతికితే కుదించుకుపోదు, పురుగు కొట్టదు. కాని చెమటను పీల్చుకోదు, నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. ఈ రెండు లోపాలూ ఈ ప్రాంతంలో చిన్నవి కావు.

చీటీ పోయిన పాత ఉండ దేనితో చేసినదో తెలుసుకోవడానికి నమ్మదగిన పరీక్ష ఒకటుంది. వేలెడు ముక్కను పట్టకారుతో పట్టుకుని, పక్కన నీళ్ల గిన్నె ఉంచుకుని, కొసకు మంట చూపాలి. అసలైన ఉన్ని అయితే వెంట్రుక కాలిన కంపు కొడుతుంది, మంట తీసేయగానే ఆరిపోతుంది, మిగిలిన బూడిద వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. నూలు కాగితంలా మండి, మెత్తని బూడిదగా రాలిపోతుంది. అక్రిలిక్ మాత్రం ముడుచుకుంటూ కరిగి, చల్లారాక గోటితో చిదిమినా చిదగని నల్లని గుండుగా గట్టిపడుతుంది. ఈ పరీక్ష తెలిసినవారు పసిబిడ్డ టోపీకి ఏ ఉండ తీయాలో, గుమ్మం తోరణానికి ఏది చాలునో తడుముకోకుండా తేల్చుకోగలుగుతారు.

ఉండ మీది చీటీలో గమనించవలసినవి మరి రెండున్నాయి. మొదటిది పేటల లెక్క: సన్నని పోగులు ఎన్నింటిని కలిపి పురి పెట్టారో చెప్పే ఈ లెక్కను బట్టి దారం లావును సుమారుగా ఊహించవచ్చు. రెండోది రంగు వేసిన విడతను తెలిపే లాట్ సంఖ్య. ఒకే రంగు పేరున్నా వేర్వేరు విడతల్లో అద్దిన దారాల మధ్య ఛాయాభేదం ఉంటుంది. విడివిడి ఉండలుగా చూసినప్పుడు తెలియని ఆ తేడా, అల్లాక వీపు మీద గీత గీసినట్టు బయటపడుతుంది. ఆత్మకూరులో మొదలుపెట్టిన పనికి నడుమ ఒక ఉండ తక్కువైతే అదే విడత దొరకడం కష్టం గనుక, నెల్లూరుకో చెన్నైకో వెళ్లినప్పుడు అవసరానికి మించి ఒక ఉండ ఎక్కువ తెచ్చుకోవడమే తెలివైన పని. దారాలు పోగుచేసే అలవాటును ఇంట్లోవారు దుబారాగా భావించవచ్చు గాని, దుకాణం దూరమైన ఊళ్లలో దానికి ఇంతటి సహేతుకమైన కారణం ఉంది.

అల్లిక అంటే చలిదేశపు విద్య అనీ, ఉన్ని లేకపోతే అది అసంపూర్ణమనీ అనుకోవడం పొరపాటు. నేటికి నిలిచి ఉన్న అతిపురాతన నిట్టింగ్ నమూనాల్లో ముఖ్యమైనవి ఈజిప్టులో దొరికిన మేజోళ్లూ వాటి ముక్కలూ. నీలం, తెలుపు నూలుతో నమూనాలు తేల్చుతూ అల్లినవి వాటిలో ఉన్నాయి. ఎండ మండే దేశంలో నూలుతోనే ఈ విద్య అంత పరిణతి సాధించిందంటే, ఉదయగిరిలో నూలుతో అల్లేవారు ప్రత్యామ్నాయంతో సరిపెట్టుకుంటున్నారని చెప్పడానికి వీల్లేదు. దక్కను పీఠభూమి మీద ఉన్ని ఉన్న దక్కనీ గొర్రెలున్నా, ఆ ముతక నల్ల ఉన్నిని కురుమలు, కురుబలు మగ్గం మీద గొంగళ్లుగా, కంబళ్లుగా నేస్తారే తప్ప అది పసిబిడ్డ ఒంటి మీదికి వచ్చే మెత్తని అల్లికకు తగినది కాదు. నూలుకు ఉన్న ఇబ్బంది వేరు. ఉన్ని పోగులో సహజంగా ఉండే వంకీలు దానికి సాగే గుణాన్ని ఇస్తాయి. నూలులో ఆ వంకీలు లేవు కాబట్టి, నూలుతో అల్లిన వస్తువు ఒకసారి సాగితే పూర్తిగా వెనక్కి రాదు. నూలుతో పనిచేసేవారు కొలతలను సాగుడు మీద వదిలేయకుండా ముందే లెక్కకట్టుకోవాలి.

ఆ లెక్క ఎలా నడుస్తుందో పసిబిడ్డ టోపీ ద్వారా చూడవచ్చు. మన దుకాణాల్లో సూదులను పాత ఇంగ్లీషు నంబర్లతో అడగడం ఇప్పటికీ ఉంది. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. ఎనిమిదో నంబరు 4 మిల్లీమీటర్లు, పదో నంబరు 3.25, పన్నెండో నంబరు 2.75. ఎనిమిదో నంబరు సూదితో మధ్యరకం దారాన్ని అల్లితే సాధారణంగా 10 సెంటీమీటర్ల వెడల్పుకు 22 కుట్లు వస్తాయి. చేతి బిగువు మనిషికీ మనిషికీ మారుతుంది కాబట్టి, ముందుగా అరచేయంత నమూనా ముక్క అల్లి, ఉతికి ఆరబెట్టి కొలుచుకోవాలి. అప్పుడే పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు. టోపీ జారకుండా ఉండాలంటే 33 చాలు. సెంటీమీటరుకు 2.2 చొప్పున 33కు దాదాపు 72 కుట్లు వస్తాయి. ఈ 72 చాలా అనుకూలమైన సంఖ్య. రెండు నిట్, రెండు పర్ల్ చొప్పున సాగే పట్టీకి కావలసినట్టు 4తో భాగించబడుతుంది. నడినెత్తి దగ్గర వరుస విడిచి వరుసకు ఎనిమిదేసి కుట్లు తగ్గించుకుంటూ పోతే శేషం మిగలకుండా 8కి చేరుతుంది. తర్వాత చెప్పబోయే అలల నమూనాకు కావలసిన 18తో కూడా భాగించబడుతుంది.

నిట్ అంటే మెలికను వెనుక నుంచి ముందుకు లాగే సూటి కుట్టు, పర్ల్ అంటే ముందు నుంచి వెనక్కి నెట్టే తిరగేసిన కుట్టు. ఒకదాని వెనుకవైపే రెండోది. ఈ రెండింటి మీదే స్వెట్టర్లన్నీ నిలబడతాయి. వాటిని ఆధారం చేసుకుని పుట్టిన నమూనాల్లో, స్కాట్లండుకు ఉత్తరాన ఉన్న షెట్లండ్ దీవుల నుంచి లోకమంతా వ్యాపించిన అలల నమూనాకు ఇంతటి ఆదరణ దక్కడం ఎంతో న్యాయం. నాలుగు వరుసల్లో మూడు వట్టి వరుసలే. మొదటిది నిట్, రెండోది పర్ల్, నాలుగోది నిట్. చాతుర్యమంతా మూడో వరుసలో ఉంది. 18 కుట్లలో మొదటి ఆరింటిని రెండేసి కలిపి మూడు చేస్తారు. నడిమి ఆరింటిలో ప్రతి కుట్టుకూ ముందు దారాన్ని ఒకసారి సూది మీద చుట్టి ఆరును పన్నెండు చేస్తారు. చివరి ఆరింటిని మళ్లీ రెండేసి కలిపి మూడు చేస్తారు. మూడూ పన్నెండూ మూడూ కలిసి తిరిగి 18 అవుతుంది. సంఖ్య మారలేదు గాని, కుట్లు ఒకచోట కిక్కిరిసి మరోచోట విచ్చుకోవడంతో వరుస వంపు తిరుగుతుంది, చుట్టిన ప్రతిచోటా ఒక చిన్న రంధ్రం ఏర్పడుతుంది. ఇరవై వరుసలు పూర్తయ్యేసరికి అంచు దానంతటదే అలలు తీరుతుంది. సాగే గుణం అక్కరలేని నమూనా కాబట్టి నూలుకు చక్కగా నప్పుతుంది, గాలి ఆడుతుంది. టోపీకి అంచుగా వాడితే 72 కుట్లలో సరిగ్గా నాలుగు అలలు పడతాయి. సూదులు రెండే అయి చివర కలిపి కుట్టవలసి వస్తే, కుట్టు పట్టుకోసం రెండు కుట్లు అదనంగా వేసుకోవాలి. బిడ్డ వేలికి చుట్టుకునే ప్రమాదం ఉంది కాబట్టి లోపలివైపు దారపు కొసలేవీ వేలాడకుండా చేర్చివేయడం తప్పనిసరి.

ఈ ఊళ్లలో చేతిలో ఉండే పనులు ఋతువును అనుసరిస్తాయి. ధనుర్మాసపు మంచులో పెద్దవాళ్ల చెవులు కప్పే మంకీ క్యాపుకు, పురిటి బిడ్డ టోపీకి, చిన్న స్వెట్టరుకు తప్ప ఒంటి మీదికి ఊలు అవసరం తక్కువ. మిగిలిన ఏడాదంతా అల్లిక ఇంటిని అలంకరిస్తుంది: గుమ్మానికి తోరణం, బల్ల మీద క్రోషే గుడ్డ, దేవుడి పీటకు లేసు అంచు. అక్రిలిక్ ఊలు శోభించేది తోరణాల్లో. బల్ల గుడ్డలకు యాంకర్ బ్రాండు వంటి మెరుపు నూలు మేలు.

క్రోషే అనగానే నర్సాపురం ప్రస్తావన తప్పదు. 1844 ప్రాంతంలో స్కాట్లండు మిషనరీలైన మక్‌రే దంపతులు గోదావరి తీరంలోని దుమ్ముగూడెంలో నేర్పిన లేసు అల్లిక, నర్సాపురం చుట్టుపక్కల వేలాది స్త్రీల చేతిపనిగా విస్తరించి ఎగుమతి సరుకైంది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వెలువరించిన గ్రంథంలో ఆ స్త్రీల శ్రమను పరిశీలించి ఎత్తిచూపిన అన్యాయం ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది: వారిని కార్మికులుగా కాక తీరిక వేళల్లో అల్లుకునే గృహిణులుగా లెక్కించడమే అతి తక్కువ కూలి ఇవ్వడానికి సాకుగా మారింది. అల్లికను పొద్దుపోక చేసే పని అని తేలికగా అనేవారు ఈ చరిత్రను తెలుసుకోవాలి. అభిరుచి కోసం అల్లేవారు కూడా, అడిగినవారికి అల్లిపెట్టేటప్పుడు దారం ఖరీదు మాత్రమే తీసుకోవడం తగదు. గంటల కొద్దీ పట్టిన శ్రమకు వెల కట్టి అడగడం వారి హక్కు. చెన్నై వేదికగా 2016 జనవరి 31న మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్ బృందం ముక్కలుగా అల్లి జోడించిన 11,148.5 చదరపు మీటర్ల దుప్పటి గిన్నిస్ రికార్డు సాధించినప్పుడు, ఇళ్లలో విడివిడిగా సాగే ఈ పని ఎంత విస్తారమైనదో ఒక్కచోట కంటికి కనిపించింది.

దారం బయటి నుంచే రావాలి గాని, సూదులు కూడా బయటి నుంచే రావలసిన అగత్యం ఉదయగిరికి లేదు. కొండ అడవిలో దొరికే నర్ది, బిక్కి, పాలబరిక వంటి కర్రలతో చెంచాలు, ఫోర్కులు, గరిటెలు చెక్కే కళ ఈ ఊరిది, భౌగోళిక గుర్తింపు పొందినది. ఫోర్కు పళ్లను సన్నగా, నునుపుగా, విరగకుండా తీయగల చేతికి క్రోషే కొక్కెం తీయడం అసాధ్యం కాదు. లోహపు సూది మీద మెరుపు నూలు కుట్లు త్వరగా జారిపోతాయి. కర్ర సూది వాటిని కాస్త పట్టి ఉంచుతుంది కనుక నేర్చుకునేవారికి అది ఎంతో అనువు, వేసవిలో చెమట చేతికి కూడా హాయి. 4 మిల్లీమీటర్ల సూది 30 సెంటీమీటర్ల పొడవున ఎక్కడా లావు మారకుండా ఉండాలి. కొన మొనదేలి ఉండాలే గాని గుచ్చుకోకూడదు. దారాన్ని పట్టి లాగే పేడు ఒక్కటీ మిగలకూడదు. వెనుక కుట్లు జారకుండా ఒక గుండు ఉండాలి. లోహపు రేకులో 4, 3.25, 2.75 మిల్లీమీటర్ల రంధ్రాలు తొలిపించి ఇస్తే, చెక్కిన ప్రతి సూదినీ అందులో దూర్చి చూసుకుంటూ కొలత తప్పకుండా తీయవచ్చు. ఆత్మకూరులో అల్లేవారు నలుగురు కలిసి ఒక జత నమూనా సూదులు పట్టుకుని ఉదయగిరి వెళ్లి చెక్కించుకుంటే, ఈ పని మొదలవడానికి అంతకు మించి ఏర్పాటేదీ అవసరం లేదు.