కేబీఆర్ పార్క్ చుట్టూ ఎన్ని మీటర్లు?

ముందు నా ఇంటర్వ్యూ సంగతి చెప్తాను. 2024 చివర్లో ఉద్యోగం మారదామని బంజారాహిల్స్‌లో ఒక మ్యాపింగ్ కంపెనీకి వెళ్లాను. టెక్నికల్ రౌండ్ బాగానే నడిచింది. ఆఖర్లో ఒక పెద్దాయన కిటికీ వైపు చెయ్యి చూపించి, "అదిగో, కేబీఆర్ పార్క్. దాని చుట్టూ ఫ్లైఓవర్లు కడతామంటున్నారు. మీరేమంటారు?" అని అడిగారు. ఇలాంటి ప్రశ్నంటే మనకు పండగే కదా. చెట్లు, ఆక్సిజన్, నెమళ్లు, రాబోయే తరాలు.. ఆపకుండా నాలుగు నిమిషాలు మాట్లాడాను. ఆయన ఓపికగా విని ఒక్కటే అడిగారు. "బాగుంది. ఆ పార్క్ చుట్టూ ఎకో సెన్సిటివ్ జోన్ ఎంత వెడల్పు?"

"కిలోమీటరు అనుకుంటా సార్."

"అయితే మనం కూర్చున్న ఈ బిల్డింగ్ కూడా అందులోనే ఉండాలి కదా!"

గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, వేరే దారి లేక. ఇంటికెళ్లి చూస్తే అసలు సంఖ్య మూడు మీటర్ల నుంచి 29.8 మీటర్లు. అవును, కొన్నిచోట్ల మూడంటే మూడే మీటర్లు. మా గల్లీలో ఒక ఆటోను అడ్డంగా పెడితే దాదాపు నిండిపోయే వెడల్పు.

నా తప్పు ఎక్కడ జరిగిందో కూడా అప్పుడే తెలిసింది. 2022 జూన్ 3న సుప్రీంకోర్టు, ప్రతి నేషనల్ పార్క్, అభయారణ్యం చుట్టూ కనీసం ఒక కిలోమీటరు జోన్ ఉండాలని చెప్పింది. ఆ హెడ్డింగ్ నాకు గుర్తుంది. 2023 ఏప్రిల్ 26న అదే కోర్టు ఆ తీర్పును సవరించింది. కేంద్రం అప్పటికే డ్రాఫ్ట్ గానీ ఫైనల్ గానీ నోటిఫికేషన్ ఇచ్చిన చోట్ల ఈ కిలోమీటరు నియమం వర్తించదంది. కేబీఆర్‌కు ఫైనల్ నోటిఫికేషన్ 2020 అక్టోబర్‌లోనే వచ్చేసింది. మొదటి వార్త చదివాను, రెండోది చదవలేదు. రెండేళ్ల పాత సమాచారంతో ఇంటర్వ్యూలో గట్టిగా మాట్లాడేశానన్నమాట.

ఇక్కడో మాట ఒప్పుకోవాలి. నేను ఉండేది బహదూర్‌పురాలో. మా దగ్గర 'పార్క్' అంటే జూ పార్కే. తెల్లారుజామున కరెంటు పోయి ఫ్యాన్లు ఆగితే సింహం అరుపు వినిపించే ఇళ్లు ఇక్కడున్నాయి. అందుకే చాన్నాళ్లు జూకూ నేషనల్ పార్క్‌కూ తేడా నాకు సరిగ్గా తెలీదు. మీలోనూ కొందరికి తెలియకపోవచ్చు, పోటీ పరీక్షలు రాసేవాళ్లకైతే తప్పకుండా తెలియాలి. 1963లో జనానికి తెరిచిన మా నెహ్రూ జూ పార్క్ దాదాపు 380 ఎకరాలు. కేబీఆర్ కూడా కాస్త అటూ ఇటుగా అంతే, సుమారు 390. కానీ జూలో జంతువులు మన సంరక్షణలో ఉంటాయి, దానికి సెంట్రల్ జూ అథారిటీ గుర్తింపు కావాలి. నేషనల్ పార్క్ అంటే ఆ నేల, దాని మీద పెరిగేదీ తిరిగేదీ మొత్తంగా రక్షణలో ఉన్నట్టు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 35వ సెక్షన్ ప్రకారం దాని హద్దులు మార్చాలంటే జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫార్సు ఉండాలి. పశువుల్ని మేపడానికి కూడా వీల్లేదు. హైదరాబాద్ చుట్టుపక్కల ఇలాంటివి మూడున్నాయి. 1998లో ప్రకటించిన కాసు బ్రహ్మానందరెడ్డి పార్క్, చిలుకూరు దగ్గర మృగవని, వనస్థలిపురంలో మహావీర్ హరిణ వనస్థలి. ఒక నగరానికి మూడు నేషనల్ పార్కులు ఉండటం మామూలు విషయం కాదు. మనం మాత్రం వాటిని వాకింగ్ ట్రాక్‌లు అనుకుంటాం.

హద్దు లోపల చట్టం అంత గట్టిగా ఉంటే మరి గొడవ ఎక్కడ? హద్దు బయట. అక్కడే ఈ ఎకో సెన్సిటివ్ జోన్ వస్తుంది. అడవికీ ఊరికీ మధ్య మెత్తటి పట్టీ లాంటిది. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్రం దీన్ని ప్రకటిస్తుంది. జోన్‌లో ఉన్నంత మాత్రాన అన్నీ బంద్ అనుకోకండి. నోటిఫికేషన్‌లో ఒక పట్టిక ఉంటుంది. మైనింగ్, క్వారీలు, రంపపు మిల్లుల్లాంటివి పూర్తిగా నిషేధం. రోడ్ల వెడల్పు, నిర్మాణాలు, చెట్ల నరికివేత వంటివి నియంత్రణలో, అంటే షరతులతో, అనుమతితో జరగాలి. కాబట్టి జోన్ ఎంత వెడల్పు అన్నది గోడ పక్కన ఏం కట్టాలన్నా ఎవర్ని అడగాలి, ఎంత అడగాలి అన్నదాన్ని నిర్ణయిస్తుంది. కేబీఆర్ విషయంలో ముందు అనుకున్నది 25 నుంచి 35 మీటర్లు. చివరికి వచ్చేసరికి 3 నుంచి 29.8కి తగ్గింది. గోడ దాటితే రోడ్డు, రోడ్డు దాటితే ఇళ్లు, ఇక జోన్ ఎక్కడ పెట్టాలి అన్నది ఒక వాదన. రోడ్డు ప్రాజెక్టులకు దారి ఇవ్వడానికే కుదించారు అన్నది అవతలి వాదన.

రెండో వాదనకు వెనక కథ ఉంది. 2016లో ఎస్సార్‌డీపీ అనే రోడ్ల అభివృద్ధి ప్రణాళికలో కేబీఆర్ చుట్టూ ఉన్న జంక్షన్లలో ఫ్లైఓవర్లు ప్రతిపాదించారు. వేల చెట్లు పోతాయని లెక్కలొచ్చాయి. వాకర్లు, విద్యార్థులు, పర్యావరణ కార్యకర్తలు రోడ్డెక్కారు, వ్యవహారం జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లింది, అక్కడ పనులు ముందుకు సాగలేదు. 2024లో హెచ్-సిటీ పేరుతో పార్క్ చుట్టూ ఉన్న ఆరు జంక్షన్లలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లకు రూ.826 కోట్లతో మళ్లీ పరిపాలనా అనుమతి వచ్చింది. చర్చా మళ్లీ మొదలైంది.

ఇప్పుడు బహదూర్‌పురా వైపు నుంచి చూడండి. 2016లో కేబీఆర్ దగ్గర ఆగిన అదే ఎస్సార్‌డీపీ కింద 2022 ఏప్రిల్‌లో మా బహదూర్‌పురా ఫ్లైఓవర్ తెరిచారు. 2025 జనవరిలో ఆరాంఘర్ నుంచి జూ పార్క్ దాకా నాలుగు కిలోమీటర్ల ఫ్లైఓవర్ వచ్చింది. రోజూ దాని మీదే తిరుగుతాను. ఎండాకాలం మధ్యాహ్నం ఆ కింద రోడ్డులో లారీల మధ్య ఇరుక్కున్నవాళ్లకు అది ఎంత ఊరటో తెలుసు. అందుకే ఫ్లైఓవర్ అడిగేవాళ్లంతా చెట్ల శత్రువులు అని నేను అనలేను. ఇంకో మాట కూడా అనిపిస్తుంది. కేబీఆర్‌కు గొంతు బాగా వినిపించడానికి ఒక కారణం, అక్కడ పొద్దున్నే నడిచేవాళ్లకు ఫోన్ చేస్తే ఎత్తే మనుషులు తెలుసు. మా మీర్ ఆలం చెరువు మీద కేబుల్ వంతెన అన్నప్పుడు ఇక్కడ ఎవరూ మానవహారం కట్టలేదు. వంతెన మంచిదా చెడ్డదా అన్నది కాదు నా మాట. అడిగేవాళ్లు లేని చోట చర్చే ఉండదు.

పట్నం దాటితే ప్రశ్న ఇంకా చిక్కుపడుతుంది. 2025 మే నెలాఖరులో ప్రభుత్వం జీవో 49 ద్వారా ఆసిఫాబాద్ ప్రాంతంలో కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వ్ ప్రకటించింది. మహారాష్ట్రలోని తడోబా నుంచి మన కవ్వాల్‌కు పులులు నడిచొచ్చే దారి అది. కాగితం మీద చూస్తే పర్యావరణ ప్రేమికులు చప్పట్లు కొట్టాల్సిన జీవో. కానీ అక్కడి ఆదివాసీ ఊళ్లు భగ్గుమన్నాయి. మా పోడు భూములు, మా రాకపోకలు ఏమవుతాయని అడిగారు. జులైలో జీవోను పక్కన పెట్టారు. అదే నల్లమలలో 2019లో యురేనియం అన్వేషణ వద్దంటూ చెంచులు, పట్నపు విద్యార్థులు ఒకే మాట మీద నిలబడ్డారు, ఆ సెప్టెంబర్‌లో అసెంబ్లీ కూడా వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఒకచోట అడవిని కాపాడమన్నది అక్కడ బతికేవాళ్లే, ఇంకోచోట కాపాడే పద్ధతిని ఒప్పుకోనిది కూడా అక్కడ బతికేవాళ్లే. గ్రూప్ డిస్కషన్‌లో 'అభివృద్ధి వర్సెస్ పర్యావరణం' అని టాపిక్ ఇస్తే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి మాట్లాడండి. మిగతావాళ్లు ఆక్సిజన్ దగ్గరే ఉంటారు.

టెక్ రాసేవాడిగా కంచ గచ్చిబౌలి గురించి కూడా ఒకటి చెప్పాలి. అది నేషనల్ పార్క్ కాదు, చుట్టూ జోన్ ఏమీ లేదు. హెచ్‌సీయూ పక్కన 400 ఎకరాలు. 2025 మార్చి నెలాఖరున బుల్డోజర్లు దిగాయి, విద్యార్థులు అడ్డుకున్నారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపమంది. ఆ నాలుగైదు రోజుల్లో మా గ్రూపుల్లో తిరిగిన ఫొటోల్లో కొన్ని ఏఐతో తయారుచేసినవి. చూడగానే ఏడుపొచ్చేలా ఉన్నాయి, నేనూ ఒకటి ఫార్వర్డ్ చేయబోయి ఆగాను. ఏమైంది తర్వాత? నిజమైన డ్రోన్ వీడియోలు ఉండగానే, చర్చ సగం నకిలీ ఫొటోల మీదకు మళ్లింది, కేసుల దాకా వెళ్లింది. ఉపగ్రహ చిత్రాల్లో ఒకే చోటు ముందూ తర్వాతా ఎలా ఉందో తేదీలతో చూపిస్తే దాన్ని నకిలీ అని కొట్టిపారేయడం కష్టం. అలాంటివి చేయడం మీకు బీటెక్‌లో ఏ బ్రాంచి అయినా నేర్చుకోగలిగిన పనే.

ఇక్కడ ఉద్యోగాల మాటకొద్దాం, ఈ పేజీ తెరిచింది అందుకే కదా. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కు ఇంజినీరింగ్ డిగ్రీతో అర్హత ఉందని చాలామందికి తెలీదు. ప్రిలిమ్స్ సివిల్స్‌తో కలిపే రాయాలి, మెయిన్స్ వేరు. రాష్ట్రంలో బీట్ ఆఫీసర్, సెక్షన్ ఆఫీసర్, రేంజ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్లు వస్తుంటాయి. పరీక్షలు కాకుండా టెక్నాలజీ వైపు చూస్తే 2018 పులుల గణన ఒక్కటి చాలు. 26,838 చోట్ల కెమెరాలు పెట్టారు, సుమారు మూడున్నర కోట్ల ఫొటోలు వచ్చాయి, అందులో 76,651 పులులవి. గిన్నిస్ రికార్డు కూడా వచ్చింది. అన్ని ఫొటోలూ మనుషులు కూర్చుని చూడలేరు కాబట్టి జంతువును గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్, చారల్ని వేలిముద్రల్లా పోల్చే సాఫ్ట్‌వేర్ వాడారు. అడవిలో గస్తీ తిరిగే సిబ్బంది ఫోన్లలో ఎం-స్ట్రైప్స్ అనే యాప్ ఉంటుంది. ఉపగ్రహ డేటాకైతే దేశమంతా చూసేది మన బాలానగర్‌లోని ఎన్ఆర్ఎస్‌సీ వైపే. మా ఇంటికి దగ్గరగా అత్తాపూర్ వైపు సీసీఎంబీ వాళ్ల లాకోన్స్ ఉంది. 2021లో మా జూలో ఎనిమిది సింహాలకు కోవిడ్ అని తేల్చింది వాళ్లే.

దాచకుండా ఒకటి చెప్తాను. ఈ రంగంలో చాలా పోస్టులు ప్రాజెక్టు ఉన్నంతకాలమే, ప్యాకేజీ మీ ఐటీ ఫ్రెండ్ అంత ఉండదు. ప్రాజెక్టులు కట్టే కంపెనీల కోసం పర్యావరణ ప్రభావ నివేదికలు రాసే కన్సల్టెన్సీల్లోనూ ఉద్యోగాలుంటాయి. అక్కడ చేరితే రేపు మీరే ఆ మూడు మీటర్లను సమర్థించే పేజీ రాయాల్సి రావొచ్చు. చేరొద్దనడం లేదు, తెలిసి చేరండి.

ఇంటర్వ్యూ తర్వాత నేను చేసింది చెప్తాను, మీరూ చేయొచ్చు, రూపాయి ఖర్చు లేదు. గెజిట్‌లో కేబీఆర్ నోటిఫికేషన్ దించుకుని ముందు పట్టిక చదివాను. చివర అనుబంధంలో పార్క్ హద్దుకు, జోన్ హద్దుకు వేర్వేరుగా అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి. వాటిని ఎక్సెల్‌లో కొట్టి, ఉచితంగా దొరికే క్యూజీఐఎస్‌లో వేశాను. ఉపగ్రహ చిత్రం మీద రెండు గీతలు వచ్చాయి. కొన్నిచోట్ల అవి రెండు గీతల్లా కనిపించవు, బాగా జూమ్ చేస్తేనే విడిపోతాయి. నాలుగు నిమిషాల ఉపన్యాసంలో నాకు అర్థం కానిది అక్కడ అర్థమైంది.

ఇంకో సంగతి అప్పుడే తెలిసింది. ఇలాంటి జోన్‌కు ముందు డ్రాఫ్ట్ గెజిట్‌లో వస్తుంది. అప్పటి నుంచి 60 రోజుల్లోపు ఎవరైనా, మీరైనా నేనైనా, కేంద్ర పర్యావరణ శాఖకు అభ్యంతరం గానీ సలహా గానీ రాయొచ్చు. లాయర్ అక్కర్లేదు. ఇన్‌స్టాలో పెట్టిన స్టోరీ ఆ లెక్కలోకి రాదు. కేబీఆర్ డ్రాఫ్ట్ వచ్చినప్పుడు నేను ఈ ఊళ్లోనే ఉన్నాను, ఇంటర్నెట్ ఉంది, ఇంగ్లిష్ వచ్చు. రాయలేదు, అలాంటిదొకటి వచ్చిందనే తెలీదు. గడువు దాటిన వాటికి ఆర్టీఐ ఉంది. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఎన్ని చెట్లు లెక్కపెట్టారు, ఎన్ని తీసి వేరేచోట నాటుతామన్నారు, అందులో ఎన్ని బతికాయి అని విడివిడిగా, అంకెల్లో జవాబొచ్చేలా అడగండి. 'ఎందుకు' అని అడిగితే జవాబు రాదు.

ఉద్యోగం వచ్చిందా అని అడుగుతారని తెలుసు. రాలేదు. మూడు వారాల తర్వాత నేను గీసిన మ్యాప్‌ను ఆ పెద్దాయనకు మెయిల్ చేశాను. మర్నాడే జవాబు వచ్చింది, ఒక్క లైను. "పడమటి వైపు ఒక పాయింట్ రోడ్డు మధ్యలో పడింది, చూసుకోండి." చూసుకున్నాను. సెకన్ల కాలమ్‌లో రెండంకెలు తారుమారుగా కొట్టాను.