చేతి ఫోను – రెండు మార్గములు

పెద్దపల్లి జిల్లాలో రామగుండము బొగ్గుగనుల చెంత సెంటినరీ కాలనీ కలదు. సింగరేణి కార్మికుల కుటుంబములు అందు నివసించుచున్నవి. గనిలో పని మూడు షిఫ్టులుగా నడచును. ఒక జట్టు పైకి రాగానే మరియొక జట్టు దిగును. కాలమును పంచుకొనుటచే ఒక్క గనియే అందరికిని చాలుచున్నది.

ఇక అక్కడి అంగడిని తలచుకొనుడు. తెలుగు, హిందీ, మరాఠీ మాటలు ఒక్కసారిగా వినవచ్చుచున్నను, తన భాషలో పలికిన మాటను ప్రతివాడును పోల్చుకొనును. తక్కినది అతనికి సందడి మాత్రమే.

చేతి ఫోనుల చరిత్రలో ఈ రెండు పద్ధతుల నడుమనే పెద్ద వాదము జరిగినది. మాటలను మోయు రేడియో తరంగముల శ్రేణి పరిమితమైనది; దానిని అనేకులు పంచుకొనవలెను. జి.ఎస్.ఎం. పద్ధతి షిఫ్టుల వంటిది. అందు ఒక్కొక్క మార్గము ఎనిమిది కాలభాగములుగా విభజింపబడును. సెకనుకు రెండువందలకు పైగా పర్యాయములు ప్రతివానికిని వంతు వచ్చును గనుక, మాట తెగినట్లు తోచదు. సి.డి.ఎం.ఏ. పద్ధతి అంగడి వంటిది. ప్రతి సంభాషణకును ఒక సంకేతము నొసగి, అన్నిటిని ఒకే మార్గమున ఒకేసారి పంపుదురు. సంకేత మెరిగిన ఫోను తన మాటను మాత్రమే ఏరుకొనును.

1987లో 13 ఐరోపా దేశముల సంస్థలు జి.ఎస్.ఎం.ను ఉమ్మడి ప్రమాణముగా అంగీకరించెను. రెండవ పద్ధతిని అమెరికాలోని క్వాల్‌కామ్ సంస్థ ఫోనులకు అనువుగా తీర్చిదిద్దెను. భారతదేశమున 1995 జూలై 31న జరిగిన మొదటి చేతి ఫోను సంభాషణ జి.ఎస్.ఎం. మీదనే నడచినది.

స్తంభములకును, యంత్రములకును వేలకోట్ల రూపాయలు కావలెను. మార్గము తప్పినచో ఆ ధనము వ్యర్థమగును. కావున పెట్టుబడిదారులు రెండు పక్షములైరి. సి.డి.ఎం.ఏ. అదే తరంగశ్రేణిలో ఎక్కువ సంభాషణలను మోయగలదని ఒక పక్షము వాదించెను. జి.ఎస్.ఎం. ఫోనులను అనేక సంస్థలు తయారుచేయును గనుక అవి చవుకయగుననియు, సిమ్ కార్డు మార్చి అదే ఫోనును వేరొక సంస్థ సేవలో వాడవచ్చుననియు రెండవ పక్షము పలికెను.

ఆంధ్రప్రదేశమున ఈ సందిగ్ధము స్పష్టముగా కానవచ్చెను. టాటా వారు ఒకవైపు సి.డి.ఎం.ఏ. సేవను నడపుచు, మరియొకవైపు జి.ఎస్.ఎం. సేవనొసగు ఐడియా సంస్థలో వాటా కలిగియుండిరి. ఆ వాటాను 2006లో బిర్లా వారికి విక్రయించిరి. 2002 డిసెంబరులో రిలయన్సు సంస్థ దేశవ్యాప్తముగా సి.డి.ఎం.ఏ. సేవ నారంభించెను. మరుసటి యేట, తొలుత 501 రూపాయలు మాత్రమే కట్టించుకొని ఫోను నిచ్చుటతో, సామాన్యుల యిండ్లకును అది చేరినది.

అయినను లోకమున అధికసంఖ్యాకులు జి.ఎస్.ఎం.నే వాడుచుండిరి. 2007లో ఒకే సంస్థ రెండు పద్ధతులను నడుపుటకు ప్రభుత్వము అనుమతించెను. అంతట రిలయన్సు సంస్థ జి.ఎస్.ఎం. సేవను విస్తరించెను; టాటా సంస్థయు ఆ సేవ నారంభించెను. సి.డి.ఎం.ఏ. సేవలు క్రమముగా అంతరించెను.

ఓడిన పద్ధతి నిష్ప్రయోజకమైనదా? కాదు. జి.ఎస్.ఎం. పక్షమువారే మూడవ తరమున సంకేతములతో వేరుపరచు సూత్రమును గైకొనిరి. నాలుగవ తరమున రెండు పక్షములును ఎల్.టి.ఇ. అను ఒకే ప్రమాణమును చేరినవి.

బండి యెంత దృఢమైనదైనను, దాని చక్రములకు సరిపడు పట్టాలు కొంత దూరమే యున్నచో అది అంతవరకే పోగలదు. ప్రమాణములును అట్టివే. ఏ యంత్రము మేలైనదో తెలిసికొనుట విజ్ఞానము; దానిని ఎందరు కలిసి వాడగలరో ముందుగా విచారించుట వివేకము.