మత్స్య పరిశోధనోద్యోగమునకు దరఖాస్తు

విద్యార్థులారా! చార్మినారు నీడన పెరిగిన బాలునికి సముద్రముతో నేమి పని యని మీ రడుగవచ్చును. మన పాఠశాలలో చదివి, జంతుశాస్త్రమున ఎం.ఎస్‌సి. పట్టము పొందిన యొక యువకుడు మొన్నటి వేసవిలో తన దరఖాస్తు చిత్తుప్రతిని నాయొద్దకు దెచ్చెను. అందలి మొదటి వాక్యము ‘బాల్యమునుండి నాకు సముద్రమనిన మిక్కిలి ప్రేమ’ యని యుండెను. “నాయనా, సముద్రము నెన్నడు చూచితివి?” అని యడిగితిని. చూడలేదని తలవంచుకొనెను. ఆ వాక్యమును కొట్టివేసితిమి.

మరి చేసిన పని యేమని యడుగగా, ఆరు నెలలపాటు ప్రతి శనివారము బేగంబజారు చేపల యంగడిలో వంజరముల పొడవును టేపుతో కొలిచి వ్రాసుకొంటిననెను. అంగడివారు మొదట నవ్విరట. పిమ్మట వారే పిలిచి చూపిరట. దీనిని చిల్లరపని యని యతడు దరఖాస్తులో వ్రాయనే లేదు!

ఈ పనియే శాస్త్రజ్ఞుల పని. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ 1947 ఫిబ్రవరి 3వ తేదీన స్థాపింపబడెను. దానికి కొచ్చిలో ప్రధాన కార్యాలయమును, విశాఖపట్టణమున ప్రాంతీయ కేంద్రమును గలవు. సముద్రములోని చేపల నన్నిటిని ఎవరు లెక్కింపగలరు? కావున కొన్ని రేవులను, కొన్ని దినములను నియమానుసారముగా నెన్నుకొని, ఆనాడు వచ్చిన పడవలలో కొన్నింటి పట్టును మాత్రము పరిశీలించి, దానినుండి మొత్తమును గణింతురు. చేప కడుపు కోసి గ్రుడ్లు పక్వమైనవో లేవో చూతురు. చెవిలోని చిన్నరాతియందు చెట్టు మానులో వలె వలయములుండును. వానినిబట్టి వయస్సు తెలియును. కాని మన వేడి సముద్రములలో నా వలయములు స్పష్టముగా నుండవు గనుక పొడవుల లెక్కయే ముఖ్యాధారము. ఒక్కసారియైనను గ్రుడ్లు పెట్టని పిల్లచేపలే వలలో నధికముగా పడుచుండిన, ఆ జాతికి ముప్పు కలదని శంకింపవలయును. తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేటను నిషేధించుట చేపలు పెరుగుటకే.

అంగడికి వచ్చునవి యేరిన చేపలు గనుక తన కొలతలు సముద్రమునకు పూర్తిగా వర్తింపవని కూడ వ్రాయుమంటిని. తన లోపమును తానే యెరిగినవానిని పరీక్షకులు నమ్ముదురు. జాలరులు పలుకు పేర్లనుగూడ చేర్పించితిని. పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్టణపు 200 చేపలను వర్ణించి 1803లో లండనున ప్రకటించిన గ్రంథమున స్థానిక నామములను వదలలేదు గదా.

స్థిరోద్యోగము కావలెనన్న వ్యవసాయ శాస్త్రజ్ఞుల నియామక మండలివారి పరీక్షలో నెగ్గవలయును. ఏ శాఖకు ఏ పట్టము చెల్లునో ప్రకటనలో చూచుకొనుడు. పరిశోధనా ప్రణాళికలలో తాత్కాలికోద్యోగములును గలవు. ఇతడు కోరినది యట్టిది. సముద్రము లేని మన నగరముననే 1999లో ఇన్‌కాయిస్ సంస్థ నెలకొల్పబడినది. ఉపగ్రహములద్వారా నీటి యుష్ణతను, పచ్చదనమును పరిశీలించి, చేపలెచ్చట దొరకునో జాలరులకు వారు తెలుపుచున్నారు.

అతనికి పిలుపు వచ్చెను. మౌఖిక పరీక్షలో మొదటి ప్రశ్న: “వంజరమును తోక కొసవరకు కొలిచితివా, చీలికవరకా?” చీలికవరకే ననియు, అంగడి చేరులోపల కొసలు విరిగిపోవుననియు చెప్పెనట. ఫలితము ఇంకను తెలియలేదు. ఈలోపల నతడు రైలెక్కి విశాఖపట్టణము పోయి సముద్రమును చూచివచ్చెను.