ఎర్రిబాగులోడని పేరు పెట్టిందెవరు?

అనకాపల్లి చుట్టుపక్కల మన పేటల్లో ఇలాంటి గుంటడు ఒకడైనా కనిపిస్తాడు. ఎవరి కళ్ళలోకీ చూడడు, అన్నమాటే మళ్ళీ మళ్ళీ అంటాడు, డప్పు మోగితే చెవులు మూసుకుని పారిపోతాడు. (డప్పే ఊపిరనుకునే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.) వాడికి పేట పెట్టిన పేరు 'ఎర్రిబాగులోడు'. ఇలాంటి పిల్లాడే విశాఖపట్నంలో డబ్బున్న అగ్రకుల ఇంట్లో పుడితే డాక్టరు దాకా వెళ్తాడు. 'ఆటిజం' అన్న మాట ఆ ఇంటికొస్తుంది.

బడిలో పరిస్థితి ఇంకా ఘోరం. డిస్లెక్సియా వున్న పిల్లకి తెలివి తక్కువేం కాదు, అక్షరాన్ని శబ్దంతో కలపడం దగ్గరే చిక్కు. కానీ ఆ పిల్ల మన పేట పిల్లయితే "వీళ్ళకి చదువెక్కడ అబ్బుద్ది?" అన్న జవాబు ముందే సిద్ధంగా వుంటుంది. కులం జవాబు చెప్పేశాక పరీక్ష చేయించేదెవరు? మొదటితరం చదువు కాబట్టి ఇంట్లోవాళ్ళూ ఆ మాటే నమ్ముతారు. ఈ రెండు అవమానాలనూ విడదీసి చూడాల్సిన అవసరం వుందని మేం అంటున్నాం.

ఆటిజం వున్నవాళ్ళ గురించి చాలాకాలం నిపుణులూ తల్లిదండ్రులే మాట్లాడారు. 1992లో అమెరికాలో ఆటిజం వున్నవాళ్ళే 'ఆటిజం నెట్‌వర్క్ ఇంటర్నేషనల్' అనే సంఘం పెట్టుకున్నారు. దాని స్థాపకుల్లో ఒకరైన జిమ్ సింక్లెయిర్ 1993లో, మమ్మల్ని చూసి ఏడవడం మానండని తల్లిదండ్రులకు చెప్పారు. 1996 నుంచి కొన్నేళ్ళపాటు వాళ్ళు ఏటా ఒకచోట కలుసుకున్నారు. అక్కడ ఎర్ర బిళ్ళ పెట్టుకున్నవాళ్ళని ఎవరూ పలకరించకూడదు. పసుపు బిళ్ళయితే తెలిసినవాళ్ళే పలకరించాలి. ఆకుపచ్చదైతే, మాట్లాడాలనుంది గానీ మొదలుపెట్టడం చేతకావట్లేదని అర్థం. నోరు విప్పకపోయినా మనిషి లెక్కలో వుండే చోటు అది. మెదళ్ళ తీరు రకరకాలు, అది మనుషుల్లో సహజమే అనే అర్థంలో 'న్యూరోడైవర్సిటీ' అన్న మాట 1998లో అచ్చులోకొచ్చింది.

ఎదుటివాడు పెట్టిన పేరు పారేయడం మనకు కొత్త కాదు. 1917లో బెజవాడలో 'పంచమ' సభగా పిలిచిన సభ, భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన ఆది ఆంధ్ర సభ అయింది. 1994లో ఈదుముడిలో మొదలైన దండోరా, తిట్టుగా వాడిన 'మాదిగ'ను పేరు పక్కన నిలబెట్టింది. అలాగని రెండూ ఒకటే అనలేం. కులం పోవాలి. మెదడు తీరు పోవాల్సిన పనిలేదు. దానితో బతకడానికి సాయం కావాలి, కొందరికి జీవితాంతం కావాలి.

ఇక చట్టం సంగతి. 1995 చట్టం గుర్తించిన ఏడు రకాల వైకల్యాల్లో ఆటిజం లేదు, డిస్లెక్సియా లేదు. 2016 చట్టం 21 రకాలను గుర్తించింది, ఈ రెండూ అందులో చేరాయి. ప్రభుత్వోద్యోగాల్లో వున్న 4 శాతంలో వీళ్ళకీ, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం వున్నవాళ్ళకీ, మరికొందరికీ కలిపి దక్కేది 1 శాతం. దానికి 40 శాతం వైకల్యమని సర్టిఫికెట్ కావాలి. కూలికెళ్ళే తల్లి క్యాంపు చుట్టూ తిరిగిన ప్రతిరోజూ కూలి పోగొట్టుకోవాల్సిందే.

సర్టిఫికెట్ వచ్చినా తోడు రాదు. ఆ తల్లులూ, పెద్దవాళ్ళైపోయిన ఆ పిల్లలూ కలుసుకునే రోజు ఒకటి మన సంఘాలే పెట్టాలి. ఆఫీసు అక్కర్లేదు, పేటలో కమ్యూనిటీ హాలు చాలు. మైకు పెట్టొద్దు. దూరంగా కూచున్నవాణ్ణి ముందుకు లాగొద్దు.